వేలెత్తితే మళ్ళీ చదవాలి

పొద్దున్నే ఫోన్‌లో గులాబీ పువ్వు, దాని కింద ‘శుభోదయం’, పక్కన పొగలు చిమ్మే చాయ్ కప్పు పంపేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. పత్రికలో పనిచేసేవాడికి తెల్లారకముందే ఫోన్ మోగితే ఎక్కడ బస్సు బోల్తా పడిందో, ఏ బావిలో ఎవరు దూకారో అనిపిస్తుంది. గబగబా కళ్ళజోడు వెతుక్కుని చూస్తే రామచిలుక బొమ్మ ఉంటుంది. మా డిగ్రీ బ్యాచ్ గ్రూపులో ఈ జబ్బు బాగా ముదిరింది. సిరికొండలో బడిపంతులుగా ఉన్నవాడు ఆ రోజు తిథి, నక్షత్రం, వర్జ్యం కూడా వదలకుండా పెట్టేవాడు. ఒకసారి విసుగొచ్చి, ‘మీ పువ్వులతో నా ఫోన్ తోటైపోయింది, కాస్త ఆపండి’ అని రాశాను. ఆ పూటంతా నాకు బంతిపూలే వచ్చాయి.

ఇప్పుడు ఆ గ్రూపులో పొద్దున్నే పడే మొదటి పువ్వు నాదే. నాకే నవ్వొస్తుంది. నవ్వు వచ్చినంత తొందరగానే పోతుంది కూడా.

మాది నిజామాబాద్‌లో బీఎస్సీ. బోధన్ నుంచి, వర్ని నుంచి, మాక్లూర్ నుంచి బస్సుల్లో వేలాడుతూ వచ్చేవాళ్ళమే ఎక్కువ. క్లాసులో అందరికంటే పెద్దది ఒకామె ఉండేది. ఇంటర్ అయ్యాక రెండేళ్ళు చదువు మాని ఇంట్లో బీడీలు చేసి, మళ్ళీ పట్టుబట్టి కాలేజీలో చేరింది. అందుకని క్లాసంతా ఆమెను అక్కా అనేది. లెక్చరర్లు కూడా ‘ఆ అక్కను పిలువు’ అనేవారు. బోధన్ దగ్గరి క్యాంపు ఊరి నుంచి వచ్చే ఒకడు మాత్రం అక్కా అని ఎప్పుడూ పిలవలేదు. ‘ఏమండీ’ అనేవాడు. వాడి తాత కాలంలో కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కున్న కుటుంబం వాళ్ళది. వాడు నోరు తెరిస్తే చాలు, ‘అండీ వచ్చిండు, అండీ పోయిండు’ అని ఏడిపించేవాళ్ళం. ఆ ఏడిపించే సందడిలో, అందరం అక్కా అంటుంటే వాడెందుకు అనడం లేదో మాకు తట్టలేదు. తట్టాల్సింది.

మధ్యాహ్నం కాలేజీ అయ్యాక మా చదువు అక్క వాళ్ళ ఇంట్లో సాగేది. ఇరుకు గల్లీలో రెండు గదుల ఇల్లు. ముందు గదిలో తడిపిన తునికాకు వాసన, తంబాకు ఘాటు. మొదట్లో తుమ్ములతో చచ్చిపోయేవాళ్ళం. వాళ్ళ అవ్వ ఒక మూల, అక్క ఒక మూల చేటలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. సాయంత్రానికి చేయాల్సిన బీడీలు చేయకపోతే ఆ ఇంట్లో పొయ్యి కథ వేరేగా ఉండేది. కాబట్టి అక్క చేతులకు పుస్తకం పట్టుకునే వీలు లేదు. మొదటి రోజే నావైపు చూసి తేల్చేసింది.

“తమ్మీ, నీ గొంతు పెద్దది. నువ్వు చదువు, నేను వింటున్న.”

అలా మూడేళ్ళు నేను చదివాను, ఆమె విన్నది. ఆకు కత్తిరించడం, తంబాకు నింపడం, చుట్టడం, దారం కట్టడం. చూపు చేట మీదే, చెవి నా మీద. మధ్యలో మాట్లాడితే నా ఊపు పోతుందని నోరు తెరిచేది కాదు. ఎక్కడైనా అర్థం కాకపోతే ఎడమచేతి చూపుడువేలు కొంచెం పైకి లేపేది. అంతే, ఆ వాక్యం మళ్ళీ చదవాలి. మళ్ళీ లేపితే మళ్ళీ చదవాలి. వేలు దిగేదాకా ముందుకు పోవడానికి లేదు. ఎంతకీ దిగకపోతే గడప దగ్గర కూర్చున్న క్యాంపు వాడు సుద్దముక్కతో నేల మీద బొమ్మలు గీసి వివరించేవాడు. ఆ సూత్రాలను అవ్వ సాయంత్రం తడిగుడ్డతో తుడిచేది. పరీక్షల్లో అక్కకు నాకంటే ఎక్కువ మార్కులు వచ్చేవి. పుస్తకం ముట్టకుండా పాసైంది అక్క, పుస్తకం మొత్తం గొంతు చించుకుని చదివి కెమిస్ట్రీ తప్పింది నేను. ఈ మాట చెప్పి మా వాళ్ళు ఇప్పటికీ నన్ను ఉతికి ఆరేస్తారు.

డిగ్రీ అయ్యాక అక్క, క్యాంపు వాడు పెళ్ళి చేసుకున్నారు. వాడి తండ్రి పెళ్ళికి రాలేదు. ఆ ప్రాంతంలో ‘మీరు, మేము’ అనే మాటలు గట్టిగా నడుస్తున్న రోజులవి. అక్క వాళ్ళ అన్న మాత్రం నిలబడి చేశాడు. వాడికి బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో పని దొరికింది. చెరుకు రసంలో తీపి ఎంతుందో పరీక్షించే పని. క్రషింగ్ నడిచే నెలల్లో వాళ్ళ ఇంటికి పోతే ఊరంతా మడ్డి వాసన వేసేది, రోడ్డు పొడుగునా చెరుకు బండ్లు ఉండేవి. అక్క చేట అటక ఎక్కించేసింది. ‘ఇగ నా చేతులకు తంబాకు వాసన రాదు తమ్మీ, చూడు’ అని అరచేతులు నా ముక్కు దగ్గర పెట్టింది. సబ్బు వాసన వచ్చింది. వాడు పక్కనుంచి, “గదే పొద్దట్నుంచి అందరికి చూపెడుతున్నదిరా” అన్నాడు. అప్పటికి వాడి అండీలు ఎటుపోయాయో పోయాయి.

తర్వాత ఫ్యాక్టరీ మూతబడింది. ఆ వార్త రాసింది నేనే. కొన్నాళ్ళు రోజూ రాశాను. ఆ తర్వాత ఏడాదికోసారి, ఎన్నికలు వస్తే ఇంకోసారి. చెరుకు వేసే రైతులు వరికి మళ్ళారు, మిగిలిన చెరుకు లారీలెక్కి వేరే ఫ్యాక్టరీలకు పోయింది, సైరన్ విని పొద్దు తెలుసుకునే ఊరు సైరన్ లేకుండా లేవడం నేర్చుకుంది. ఇవన్నీ వార్తలే, అన్నీ రాశాను. నా రాతలతో ఒక్క బాయిలర్ కూడా వెలగలేదు. ఈ ఉద్యోగం మీద నాకు అసహ్యం వేసిన రోజులు కొన్ని ఉన్నాయి, వాటిలో చాలావరకు బోధన్ రోడ్డు మీదే గడిచాయి.

వాడు కొన్నేళ్ళు సరిహద్దు దాటి మహారాష్ట్ర ఫ్యాక్టరీల్లో సీజన్ పనికి పోయాడు. సీజన్ అయిపోగానే ఇల్లు, మళ్ళీ ఎదురుచూపు. అటక మీది చేట కిందికి దిగింది. ఈలోగా పాప పుట్టింది, వాడి తండ్రి ఒకసారి వచ్చి మనవరాలిని ఎత్తుకుని పోయాడు, ఆ తర్వాత కొంతకాలానికే కాలం చేశాడు. చివరికి మాక్లూర్ నుంచి గల్ఫ్ పోయిన మా క్లాస్‌మేట్ ఒకడు, నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటులో పని ఉంది రమ్మంటే వీడూ విమానం ఎక్కాడు. వెళ్ళే రోజు నాతో, “ఆడ నీళ్ళల్ల ఉప్పెంతున్నదో చూడాల్నట. తీపి పాయె, ఉప్పొచ్చె” అని నవ్వాడు. నేనూ నవ్వాను.

గ్రూపు పుట్టింది అప్పుడే. అక్కే పెట్టింది. ఒక్కొక్కరి నంబరు ఎక్కడెక్కడినుంచో పట్టి, ఏళ్ళ తరబడి పలకరింపులు లేనివాళ్ళను కూడా పోగు చేసింది. అందరికీ ఫోన్ చేసి ఒకటే మాట చెప్పింది.

“ఆయనకు ఆడ పొద్దు పోతలేదట తమ్మీ. మీరందరు పొద్దుగాల ఒక్క మాటన్న పెట్టుండ్రి. మాట లేకుంటే పువ్వన్న పెట్టుండ్రి.”

ఆ పువ్వులన్నీ వాడి కోసం మొదలైనవే. నేను దాన్ని ఎప్పుడో మరిచిపోయి విసుక్కున్నాను గానీ మిగతావాళ్ళు మరిచిపోలేదు. మనకంటే గంటన్నర వెనక ఉండే దేశంలో వాడు చీకటితోనే లేచి, డ్యూటీ బస్సు ఎక్కబోయే ముందు అందరికంటే ముందు ‘లేచిన్రా?’ అని పెట్టేవాడు. దాని కింద వరసగా పువ్వులు పడేవి. అక్క అందరి పువ్వుల కిందా రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టేది. ఊళ్ళో ఉన్నప్పుడు ఏడాదికోసారి కూడా కలవని మేము, వాడు దూరం పోయిన పుణ్యాన రోజూ కలుసుకోవడం మొదలుపెట్టాం.

పోయిన వానాకాలంలో ఒక ఆదివారం. పొద్దున చాయ్ తాగుతుంటే మాక్లూరు వాడి ఫోన్ వచ్చింది. గ్రూపులో ‘లేచిన్రా?’ ఇంకా పడలేదని అప్పటికి నేను గమనించలేదు.

“వాడు లేస్తలేడురా” అన్నాడు. “డ్యూటీకి టైమైందని రూములోల్లు లేపితే లేస్తలేడట. దవాఖానకు తీస్కపోయిన్రు. నేను గీడనే ఉన్న. గుండె ఆగిందంటున్నరు. నిద్రలనే అయిపోయిందంటున్నరురా.”

నా నోరు దానంతట అదే పని మొదలుపెట్టింది. ఏ దవాఖాన, డాక్టర్ ఏమన్నాడు, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంది, శవం రావడానికి ఎవరితో మాట్లాడాలి. ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్న ప్రశ్నలు. గల్ఫ్ శవపేటికల వార్తలు మా జిల్లాలో కొత్త కాదు. ‘గల్ఫ్‌లో జిల్లావాసి మృతి’ అని ఒక్క కాలమ్ శీర్షిక పెట్టి ఎన్నిటిని పంపానో నాకే గుర్తు లేదు. అన్నీ అడిగి ఫోన్ పెట్టేశాను. నా స్నేహితుడు జిల్లావాసి అయిపోయాడు. అప్పుడు ఏడుపొచ్చింది.

ఇలాంటి చావుల్లో మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఇంట్లోవాళ్ళకు ఫోన్‌లో చెప్పరు. ఆ ఇంటి పెద్ద ఒకరు ఎదురుగా కూర్చుని చెప్పాలి. అప్పటిదాకా వాళ్ళకు తెలియకుండా ఊరంతా కాపలా కాస్తుంది. కేబుల్ వైరు పీకేస్తారు. ఇంటికి పేపర్ పడకుండా చూస్తారు. ఏజెంట్‌కు ఫోన్ చేసి ఫలానా ఇంటికి ఇవాళ పేపర్ వేయొద్దని నేనే చెప్పిన రోజులున్నాయి. అక్కకు పెద్ద అంటే వాళ్ళ అన్నే. ఆయన వారం అంగళ్ళలో బట్టలు అమ్ముతాడు. ఆ పొద్దున ఏదో ఊరి అంగడికి పోయి ఉన్నాడు. ఆయన దుకాణం సర్దుకుని నిజామాబాద్ వచ్చేదాకా, సిరికొండ పంతులు కారు తెచ్చేదాకా ఆగాలి. ఈ లోపల మాకున్న భయమల్లా గ్రూపు. ఎవరో ఒకరు తొందరపడి, వాడి ఫోటో పెట్టి నివాళి అని రాస్తే అక్క అలా చూస్తుంది. ఒంటరిగా, పాప పక్కన, ఫోన్‌లో.

అక్కను గ్రూపు నుంచి తీసేద్దామంటే గ్రూపు ఆమెదే. అందుకని ఆమె లేకుండా ఇంకో గ్రూపు పెట్టాం. విషయం అందులో చెప్పాం. పాత గ్రూపులో ఎవరూ ఏమీ పెట్టొద్దు, ఒక్క అక్షరం కూడా వద్దు అని అందరికీ గట్టిగా చెప్పాం. అందరూ మాట విన్నారు. క్లాసులో ఎన్నడూ ఎవరి మాటా వినని బ్యాచ్ అది. ఆ ఒక్కరోజు ఒక్కడు కూడా తప్పు చేయలేదు.

మేము చేసిన తప్పు అదే. ఏళ్ళ తరబడి రోజూ పువ్వులు పడే చోట ఆ పొద్దున ఒక్క రేకు కూడా పడలేదు. ఎనిమిది దాటాక అక్క తనే ఒక పువ్వు పెట్టింది. దాని కింద, ‘ఏమైంది అందరికి? ఆదివారమని లేస్తలేరా?’ అని రాసి నవ్వే బొమ్మ పెట్టింది. అందరం చూశాం. చూసినట్టు ఆమెకూ తెలుస్తుంది. ఎవరూ జవాబివ్వలేదు. నా వేలు అక్షరాల మీదికి పోయి ఆగింది. ఏమని రాయను? శుభోదయం అని రాయనా?

అక్క వాళ్ళ అన్న వచ్చాక బయలుదేరాం. పంతులు నడుపుతున్నాడు, నేను పక్కన, ఆయన వెనక. తల తువ్వాలతో కప్పుకుని కిటికీకి ఆనుకున్నాడు. దారికి రెండు పక్కలా నాట్లు వేసిన పొలాలు, మధ్య మధ్య కొద్దిపాటి చెరుకు. ఎడపల్లి దాటాక నా ఫోన్ మోగింది. అక్క.

పంతులు నావైపు చూసి ఎత్తొద్దన్నట్టు తల ఊపాడు. రెండోసారి మోగింది. ఎత్తాను.

“తమ్మీ, ఇయ్యాల పంతులు తిథి పెట్టలే. పానం మంచిగున్నదా ఆయనకు?”

“మంచిగున్నడక్క.”

“మా ఆయన ఫోన్ ఎత్తుతలేడు. మాక్లూరాయనకు చేస్తే కట్ చేస్తున్నడు. గ్రూపుల అందరు చూస్తున్నరు, ఒక్కలు మాట్లాడ్తలేరు. నువ్వు యాడున్నవ్?”

ఎక్కడున్నా వార్త పనిలో ఉన్నానని చెప్పడం నాకు నీళ్ళు తాగినంత తేలిక. ఎస్పీలకు చెప్పాను, ఎడిటర్లకు చెప్పాను. ఆమెకు చెప్పలేకపోయాను.

“ఎడపల్లి దాటినం అక్క. మీ ఇంటికే వస్తున్నం.”

“ఎవరెవరు?”

“నేను, పంతులు.” వెనక్కి తిరిగి చూశాను. “మీ అన్న.”

ఫోన్‌లో ఏదో గిన్నె మీద గరిటె పెట్టిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత కట్ అయిందనుకుని చూశాను. కాలేదు.

“బిడ్డ ఇంక తినలేదు తమ్మీ” అంది. గొంతు మామూలుగానే ఉంది. అలా ఉండడమే నాకు భరించలేనట్టు అనిపించింది. “ఇప్పుడే అన్నం కలుపుతున్న. మీరు నిదానంగ రాండ్రి. అది తిన్నంకనే లోపటికి రాండ్రి. మీరొస్తే ఇగ ఈ ఇంట్ల ఎవ్వలు తినరు.”

ఆ మాట చెబితే పంతులు కారు రోడ్డు పక్కకు ఆపి స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చాడు. వెనక ఉన్న ఆయన, “పోనియ్ సారు, పోనియ్” అన్నాడు. తెలియకూడదని ఇంత కాపలా కాసినవాళ్ళం, అప్పటికే తెలిసిపోయిన ఆమె ఇంటికి పోతున్నాం. అది కూడా ఆమె పెట్టిన గడువు ప్రకారం.

ఇంటి ముందు కారు ఆపి దిగలేదు. తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల పాప ఏదో కథ చెబుతోంది, మధ్యలో అక్క ‘ఊ, ఇంకో ముద్ద’ అంటోంది. పాప వద్దంటే, ‘ఒక్కటే, ఇది నాన్న ముద్ద’ అంది. అది విని నేను కారు దిగి దూరంగా గోడ వైపు తిరిగి నిలబడ్డాను. నా వెనకే వాళ్ళిద్దరూ దిగారు. ఎదురింటి ఆమె బయటికి వచ్చి మా ముగ్గురినీ చూసి, ఏమీ అడగకుండా చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ప్రాంతంలో మగవాళ్ళు అలా ఒక ఇంటి ముందు నిలబడితే ఎవరూ ఏమీ అడగరు.

కాసేపటికి పాప మూతి తుడుచుకుంటూ బయటికి వచ్చి, ‘మామా’ అంటూ వాళ్ళ మేనమామ దగ్గరికి పరుగెత్తింది. అక్క గడప లోపలి నుంచే ఎదురింటామెతో, “వదినా, జరసేపు దీన్ని మీ ఇంట్ల ఆడిపియ్యి” అంది. ఆమె పాపను ఎత్తుకుని పోయింది. అక్క మావైపు చూసి లోపలికి నడిచింది.

మేము లోపలికి పోయాం. వాళ్ళ అన్న చెప్పాలి. పద్ధతి అది. ఆయన చెల్లెలి ఎదురుగా కూర్చుని, నోరు తెరిచి, మూసి, తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పంతులు గోడకు ఆనుకుని కిందికి జారిపోయాడు. పిల్లలకు పాఠాలు చెప్పే నోరు వాడిది, అదీ పని చేయలేదు.

అక్క మూల నుంచి చేట లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. కత్తిరించిన ఆకు ఒకటి తీసి తంబాకు వేసింది. చుట్టడం మొదలుపెట్టింది. ఆ పాత గల్లీ ఇంట్లో కూర్చునే తీరులోనే కూర్చుంది. చూపు చేట మీదే ఉంది.

“తమ్మీ” అంది. “నువ్వు చదువు. నేను వింటున్న.”

నా చేతిలో ఏ కాగితమూ లేదు. నేను చదివాను. డ్యూటీ నుంచి రాత్రి రూముకు వచ్చాడని, అన్నం తిన్నాడని, రూములో వాళ్ళతో కాసేపు మాట్లాడి పడుకున్నాడని. పొద్దున లేపితే లేవలేదని. దవాఖానకు తీసుకుపోయారని, మాక్లూరు వాడు పక్కనే ఉన్నాడని. ఆమె చేతులు ఆగలేదు. ఒక బీడీకి దారం కట్టి చేటలో వేసి ఇంకో ఆకు తీసింది. నేను తర్వాతి వాక్యం చెప్పాను.

“డాక్టర్లు చూసిన్రక్క. చనిపోయిండన్నరు.”

అక్క ఎడమచేతి చూపుడువేలు కొంచెం పైకి లేపింది.

మళ్ళీ చదివాను. వేలు దిగలేదు. మళ్ళీ చదివాను.